కాలశ్రేణి దత్తాంశానికి డేటాబేస్ ఎంపిక: పాఠపరిష్కరణ దృష్టితో ఒక విమర్శ
(తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల నేపథ్యంలో)

వ్యాససంగ్రహం

వానకొలతలు, గాలివేగం, నదీప్రవాహం, పత్రికల్లో పదాల వాడుక మొదలైనవన్నీ కాలముద్రతో కూడిన దత్తాంశాలు. కోట్ల సంఖ్యలో ఉండే ఇటువంటి దత్తాంశాన్ని భద్రపరచి విశ్లేషించడానికి డేటాబేస్‌ను ఎంచుకొనేటప్పుడు ప్రశ్నకు ఎంత త్వరగా జవాబు వస్తుందన్నదే సాధారణంగా ప్రధాన ప్రమాణమవుతున్నది. ఆ ప్రమాణం చాలదన్నది ఈ వ్యాసం ప్రతిపాదన. పాఠభేదం, గ్రంథపాతం, ప్రక్షిప్తం, సంక్షేపం అనే పాఠపరిష్కరణ భావనల ఆధారంగా ప్రసిద్ధ డేటాబేస్‌లు కొన్నింటిని ఇందులో పరిశీలించాను. కృష్ణా పశ్చిమ డెల్టాలోని తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాలకు సంబంధించిన ఉదాహరణలతో, జిల్లాస్థాయి కళాశాలల్లో పనిచేసే పరిశోధకులకు ఏది తగినదో నిర్ణయించే ప్రయత్నం చేశాను.

కీలకపదాలు: కాలశ్రేణి, కాలముద్ర, డేటాబేస్, పాఠభేదం, గ్రంథపాతం, ప్రక్షిప్తం, సంక్షేపం, కృష్ణా డెల్టా.

1. ఉపోద్ఘాతం

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్లకు దక్షిణంగా, ఆ పట్టణానికి సమీపంలోనే తీరం దాటింది. భారత వాతావరణ విభాగం లెక్క ప్రకారం అది తీరం దాటిన సమయం మధ్యాహ్నం 12:30 నుంచి 2:30 వరకు. అప్పుడు గాలివేగం గంటకు 90 నుంచి 100 కిలోమీటర్లు. ఈదురుగా వీచినప్పుడు 110 కిలోమీటర్లు. ఈ ఒక్క వాక్యంలోనే మూడు రకాల సమాచారం ఉన్నది: ఒక కాలవ్యవధి, ఒక నిలకడ వేగం, ఒక గరిష్ఠ వేగం. పదేళ్ల తరువాత ఒక పరిశోధకుడు ఆ రోజు ఏం జరిగిందని అడిగితే ఈ మూడూ విడివిడిగా దొరకాలి. దొరుకుతాయా లేదా అన్నది కొలిచిన పరికరం మీద ఎంత ఆధారపడుతుందో, ఆ కొలతలను దాచిన పాత్ర మీద కూడా అంతే ఆధారపడుతుంది.

ఆ పాత్ర పేరు డేటాబేస్. దాన్ని ఎంచుకోవడం ఇంజనీర్ల పని అనీ, తెలుగుశాఖకు దానితో నిమిత్తం లేదనీ ఒక అభిప్రాయం ఉన్నది. రెండు కారణాల వల్ల ఆ అభిప్రాయాన్ని అంగీకరించలేము. మొదటిది, పాత పత్రికల డిజిటలీకరణ పెరిగిన కొద్దీ తేదీలతో కూడిన భాషాదత్తాంశం తెలుగు పరిశోధకుల చేతికి కూడా వస్తున్నది. రెండవది, కాలక్రమంలో చేతులు మారుతూ వచ్చిన సాక్ష్యాన్ని ఎలా భద్రపరచాలి, ఎక్కడ దిద్దాలి, దిద్దిన సంగతిని ఎలా చెప్పాలి అన్న ప్రశ్నలను పాఠపరిష్కరణ శాస్త్రం ఏనాటి నుంచో చర్చిస్తూ ఉన్నది. ఆ చర్చను ఇక్కడికి తీసుకురావడమే ఈ వ్యాసం ఉద్దేశం.

2. కాలశ్రేణి స్వరూపం, పరిమాణం

ఒక కొలత, ఆ కొలత తీసిన క్షణం, ఆ కొలత ఎక్కడిదో చెప్పే గుర్తు - ఈ మూడింటితో ఏర్పడేది ఒక నమోదు. అటువంటి నమోదుల వరుసే కాలశ్రేణి. టైమ్‌స్టాంప్ అని వ్యవహరించే దాన్ని ఈ వ్యాసంలో కాలముద్ర అంటున్నాను. కాలశ్రేణి దత్తాంశానికి మూడు లక్షణాలు ప్రత్యేకం: అది ఎడతెగకుండా వస్తుంది, సాధారణంగా చివరన చేరుతుంది, ఒక్కొక్క నమోదు కంటే ఒక వ్యవధిలోని అనేక నమోదుల సమాహారమే ప్రశ్నకు విషయమవుతుంది.

ఎంపికకు ముందు చేయవలసిన మొదటి పని లెక్క. ఒక ఊహాత్మక వ్యవస్థలో వెయ్యి వాతావరణ కేంద్రాలు, ఒక్కొక్కదానిలో పది కొలతలు, ప్రతి 15 నిమిషాలకు ఒక నమోదు ఉన్నాయనుకుందాం. రోజుకు 9.6 లక్షల నమోదులు, ఏడాదికి 35.04 కోట్లు వస్తాయి. అవే కేంద్రాలు నిమిషానికి ఒకసారి పంపితే ఏడాదికి 525.6 కోట్లు. ఇప్పుడు భాషాదత్తాంశం వైపు చూద్దాం. రోజుకు ఇరవై వేల పదాలు అచ్చువేసే ఒక దినపత్రిక 50 ఏళ్ల సంచికలను పదం పదంగా నమోదు చేస్తే వచ్చేది 36.5 కోట్లు. అంటే, వెయ్యి కేంద్రాల ఒక ఏడాది వాతావరణమూ, ఒక దినపత్రిక అర్ధశతాబ్దపు భాషా పరిమాణంలో దాదాపు సమానం. వాతావరణ శాస్త్రవేత్తకు వచ్చిన చిక్కు భాషాపరిశోధకునికి కూడా రానున్నదని ఈ లెక్క సూచిస్తున్నది.

ఈ సంఖ్యలు పెద్దవిగా కనిపించినా భయపడవలసినంతవి కావు. కాలముద్రకు 8 బైట్లు, విలువకు 8 బైట్లు చొప్పున తీసుకుంటే 525.6 కోట్ల నమోదులకు సుమారు 84 గిగాబైట్లు చాలు. ఫేస్‌బుక్ సంస్థ ఇంజనీర్లు 2015లో ప్రకటించిన గొరిల్లా అనే పద్ధతిలో పక్కపక్క కాలముద్రల మధ్య తేడాలోని తేడాను, పక్కపక్క విలువల మధ్య మారిన బిట్లను మాత్రమే దాస్తారు. వారి దత్తాంశంలో 16 బైట్ల నమోదు సగటున 1.37 బైట్లకు కుదించుకుపోయింది. అది సర్వర్ల పనితీరుకు సంబంధించిన దత్తాంశం కాబట్టి గాలివానల కొలతలకు అదే నిష్పత్తి వస్తుందని చెప్పలేము. వచ్చినట్లయితే మన 84 గిగాబైట్లు 7.2 గిగాబైట్లవుతాయి. స్థలం చాలదు కాబట్టి పాత దత్తాంశాన్ని తొలగించక తప్పదు అన్న వాదాన్ని పరిశీలించేటప్పుడు ఈ లెక్కను గుర్తుంచుకోవాలి.

3. వరుస నిల్వ, నిలువు నిల్వ

డేటాబేస్‌ల మధ్య మౌలికమైన భేదం దత్తాంశాన్ని అవి డిస్కు మీద పేర్చే తీరులో ఉన్నది. వరుస నిల్వలో ఒక నమోదుకు చెందిన అంశాలన్నీ పక్కపక్కనే ఉంటాయి. ప్రతిపదార్థ తాత్పర్య సహితంగా అచ్చైన కావ్యంలో ఒక పద్యానికి సంబంధించినదంతా ఒకే చోట దొరికినట్లు, ఒక నమోదును పూర్తిగా చూడడానికి ఇది అనుకూలం. నిలువు నిల్వలో ఒక్కొక్క అంశం విడిగా పేర్చబడుతుంది. గాలివేగాలన్నీ ఒకచోట, తేమశాతాలన్నీ మరొకచోట ఉంటాయి. కావ్యం చివర ఇచ్చే పదసూచిక వంటిదిది. ఒక పదం ఎన్నిసార్లు వచ్చిందో తెలుసుకోవడానికి కావ్యమంతా తిరగేయనక్కరలేదు. ఒకే రకం విలువలు పక్కపక్కన ఉండడం వల్ల కుదింపు కూడా బాగా జరుగుతుంది.

పోస్ట్‌గ్రెస్ వరుస నిల్వకు ప్రసిద్ధమైన ఉదాహరణ. దానికి అనుబంధంగా 2017లో వచ్చిన టైమ్‌స్కేల్‌డీబీ దత్తాంశాన్ని కాలవ్యవధుల వారీగా ముక్కలు చేసి, పాత ముక్కలను నిలువు పద్ధతిలో కుదిస్తుంది. యాండెక్స్ సంస్థలో పుట్టి 2016లో బహిరంగ మూలంగా విడుదలైన క్లిక్‌హౌస్ మొదటి నుంచీ నిలువు నిల్వే. ఆమ్‌స్టర్‌డామ్‌లోని సీడబ్ల్యూఐ పరిశోధనాసంస్థలో రూపొంది 2019లో వెలువడిన డక్‌డీబీ కూడా నిలువు పద్ధతిదే. అయితే దానికి ప్రత్యేకమైన సర్వరు అక్కరలేదు. ఒక ల్యాప్‌టాప్‌లో మామూలు ప్రోగ్రాములాగే నడుస్తుంది. ఇన్‌ఫ్లక్స్‌డీబీ, ప్రొమీథియస్ కాలశ్రేణుల కోసమే పుట్టినవి. పరికరాలూ సర్వర్లూ సరిగా నడుస్తున్నాయో లేదో కనిపెట్టడం ప్రొమీథియస్ ప్రధాన ప్రయోజనం. వేరే చెప్పకపోతే అది 15 రోజుల దత్తాంశాన్నే ఉంచుకొంటుంది.

ఇంతవరకు జరిగేది సాంకేతిక వివరణ. ఎంపిక చర్చలు ఎక్కువగా ఇక్కడే ఆగిపోతాయి. విమర్శ ఇక్కడి నుంచి మొదలుకావాలి.

4. రోజు ఎక్కడ మొదలవుతుంది?

పంచాంగం ప్రకారం వారం సూర్యోదయంతో మొదలవుతుంది. వ్యవహారంలో రోజు అర్ధరాత్రి మొదలవుతుంది. భారత వాతావరణ విభాగం రోజువారీ వర్షపాతాన్ని ఉదయం 8:30కి ముగిసే 24 గంటలకు లెక్కిస్తుంది. అంతర్జాతీయ కాలమానమైన యూటీసీ ప్రకారం రోజు మారేది మన ఉదయం 5:30కి. పలు డేటాబేస్‌లు, వేరే సూచన ఇవ్వకపోతే, రోజుల విభజనకు యూటీసీనే ఆధారంగా తీసుకొంటాయి.

దీని పర్యవసానం చిన్నది కాదు. డిసెంబరు 5 తెల్లవారుజామున 3 గంటలకు బాపట్లలో కురిసిన వాన వ్యవహారంలో 5వ తేదీది, వాతావరణ విభాగం నమోదులోనూ 5వ తేదీదే. యూటీసీలో అది 4వ తేదీది. సూర్యోదయం కాలేదు కాబట్టి పంచాంగం ప్రకారం కూడా అది ముందు రోజుకే చెందుతుంది. అదే రోజు మధ్యాహ్నం, తుఫాను తీరం దాటుతున్న వేళ, కురిసిన వాన వ్యవహారంలోనూ యూటీసీలోనూ 5వ తేదీదే అయినా, వాతావరణ విభాగం రోజువారీ నమోదులో 6వ తేదీ ఉదయం 8:30తో ముగిసే లెక్కలో చేరుతుంది. ఈ సంగతి ఎరుగని పరిశోధకుడు తుఫాను వెళ్లిపోయిన మరునాడే ఎక్కువ వాన కురిసిందని రాసే ప్రమాదం ఉన్నది.

పత్రికల విషయంలోనూ ఇదే చిక్కు. తెనాలికి చెందిన చక్రపాణి, నాగిరెడ్డితో కలిసి నెలకొల్పిన 'చందమామ' తొలి సంచిక 1947 జూలైది. నెల మాత్రమే తెలిసిన ఈ సంచికకు డేటాబేస్ క్షణాన్ని కోరుతుంది. పరిశోధకుడు 1947 జూలై 1, 00:00 గంటలు అని ఇస్తాడు. డేటాబేస్ దాన్ని యూటీసీలోకి మార్చి 1947 జూన్ 30, 18:30 గంటలుగా దాస్తుంది. తరువాత నెలల వారీగా లెక్క తీస్తే తొలి సంచిక జూన్‌లో ప్రత్యక్షమవుతుంది. ఇందులో రెండు దోషాలున్నాయి. లేని సూక్ష్మతను కల్పించడం మనిషి చేసిన దోషం. నెలను మార్చడం పాత్ర చేసిన దోషం.

కాబట్టి డేటాబేస్‌కు వేయవలసిన మొదటి ప్రశ్న ఇది: రోజు, నెల అనే విభజనలకు ఆరంభబిందువును పరిశోధకుడు నిర్ణయించవచ్చునా? టైమ్‌స్కేల్‌డీబీ, క్లిక్‌హౌస్, డక్‌డీబీ మూడింటిలోనూ కాలమండలాన్ని పేర్కొనే వీలున్నది. కాని వీలున్నంత మాత్రాన అది అమలైనట్లు కాదు. ఏ రోజును రోజుగా తీసుకొన్నారో పరిశోధనలో స్పష్టంగా ప్రకటించాలి.

5. పాఠభేదాలు

సి.పి. బ్రౌన్ ఒకే కావ్యానికి వేర్వేరు చోట్ల నుంచి తాళపత్ర ప్రతులు తెప్పించి, పండితుల చేత పోల్చి చూపించి, శుద్ధప్రతులు రాయించాడు. ఈ సంప్రదాయంలో తరువాతి పరిష్కర్తలు నేర్చుకొన్న నియమం ఒకటున్నది: స్వీకరించిన పాఠాన్ని పైన ఉంచాలి, తిరస్కరించిన పాఠాన్ని అధోజ్ఞాపికలో నిలపాలి. తిరస్కృత పాఠాన్ని చెరిపివేసే హక్కు పరిష్కర్తకు లేదు. అతని నిర్ణయం తప్పని రేపు మరొకరు నిరూపించవచ్చు.

కాలశ్రేణుల్లోనూ పాఠభేదాలు ఉంటాయి. ఒక కేంద్రం పంపిన విలువ తప్పని తేలి, దిద్దిన విలువ తరువాత రావచ్చు. సంబంధాలు తెగిపోయినప్పుడు కొలతలు గంటలో, రోజులో ఆలస్యంగా చేరవచ్చు. తుఫాను వేళల్లో ఇది మరీ సహజం. ఇటువంటప్పుడు పాత విలువ ఏమవుతుంది?

ఇన్‌ఫ్లక్స్‌డీబీలో ఒకే గుర్తులతో, ఒకే కాలముద్రతో రెండవ విలువ వస్తే మొదటిది నిశ్శబ్దంగా తొలగిపోతుంది. పాత పాఠాన్ని గీకివేసి దానిమీదే కొత్తది రాసిన లేఖకుని పని ఇది. క్లిక్‌హౌస్‌లో మామూలుగా రెండు నమోదులూ నిలుస్తాయి. నకళ్లను తొలగించే ప్రత్యేక పట్టికను ఎంచుకొంటే, తొలగింపు నేపథ్యంలో ఎప్పుడో జరుగుతుంది. అంతవరకు ప్రశ్నను జాగ్రత్తగా రాయకపోతే రెండు పాఠాలూ కలిసి లెక్కకు వస్తాయి. పోస్ట్‌గ్రెస్‌లో ఏకైకతా నియమం పెడితే రెండవదాన్ని తిరస్కరించాలా, పాతదాన్ని మార్చాలా అన్నది మనం ముందుగా చెప్పాలి. పరిష్కర్తను నిర్ణయం తీసుకొమ్మని నిర్బంధించే ఈ పద్ధతి పరిశోధనకు మేలైనది.

దీనికి శాస్త్రీయమైన పరిష్కారం రెండు కాలాలను నమోదు చేయడం: సంఘటన జరిగిన కాలం ఒకటి, ఆ సంగతి డేటాబేస్‌కు తెలిసిన కాలం ఒకటి. మొదటిదాన్ని ఘటనాకాలమనీ రెండవదాన్ని నమోదుకాలమనీ అనవచ్చు. 2011 నాటి ఎస్‌క్యూఎల్ ప్రమాణం ఈ రెండు కాలాలకూ చోటిచ్చింది. శాసనపరిశోధకులకు ఇది కొత్త విషయం కాదు. దానం జరిగిన తేదీ, శాసనం చెక్కిన తేదీ ఒకటే కానక్కరలేదని వారికి తెలుసు.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. కావ్యానికి కవి రాసిన మూలపాఠం ఒకటి ఉండి ఉంటుంది, కొలతకు అటువంటి మూలం లేదు, పరికరం చూపినదే దాని పాఠం, కాబట్టి ఈ సామ్యం చెల్లదు అనవచ్చు. ఆక్షేపణలో సత్యం ఉన్నది. అయితే అది ఈ వాదాన్ని బలహీనపరచదు. మూలాన్ని పునర్నిర్మించే అవకాశం లేనప్పుడు ఉన్న ప్రతులను కాపాడుకోవలసిన అవసరం ఇంకా ఎక్కువవుతుంది.

6. గ్రంథపాతం, ప్రక్షిప్తం

ప్రాచీన కావ్యాల ముద్రణల్లో పత్రం చిరిగినచోట, పురుగు తిన్నచోట 'గ్రంథపాతము' అని సూచించేవారు. లేనిదాన్ని లేదని చెప్పడం పరిష్కర్త నిజాయతీకి గుర్తు. ఆ ఖాళీని తన పద్యంతో నింపి ఊరుకొంటే అది ప్రక్షిప్తం.

విశ్లేషణ డేటాబేస్‌లలో ఖాళీలను నింపే సదుపాయాలు విరివిగా ఉన్నాయి. ముందరి విలువను కొనసాగించడం ఒక పద్ధతి. ఇరుపక్కల విలువల మధ్య సరళరేఖ గీయడం మరొక పద్ధతి. టైమ్‌స్కేల్‌డీబీలో, ఇన్‌ఫ్లక్స్‌డీబీలో, క్లిక్‌హౌస్‌లో ఇందుకు సాధనాలున్నాయి. నేలలోని తేమ వంటి నెమ్మదిగా మారే కొలతలకు ఇవి ఉపయోగకరమే. తుఫాను గాలికి మాత్రం ప్రమాదకరం. కరెంటు పోయి, స్తంభం ఒరిగి ఒక కేంద్రం మౌనం వహించిందంటే అక్కడ గాలి తీవ్రంగా ఉన్నదనడానికి ఆ మౌనమే ఒక సూచన కావచ్చు. ఆ ఖాళీలో ముందరి గంట విలువను నింపితే సూచన పోతుంది, దాని స్థానంలో అబద్ధం నిలుస్తుంది.

ఇందులో ఒక భేదం గమనించాలి. నింపిన విలువ ప్రశ్నకు వచ్చిన జవాబులో మాత్రమే ఉండి, నిల్వలో ఖాళీ ఖాళీగానే ఉన్నట్లయితే దోషం లేదు. అది వ్యాఖ్యాత చేసిన ఊహ అవుతుంది. నింపిన విలువను తిరిగి నిల్వలో చేర్చితే అది పాఠంలో కలిసిపోయిన ప్రక్షిప్తమవుతుంది. చేర్చక తప్పనప్పుడు, ఆ విలువ కొలిచినదో నింపినదో తెలిపే ఒక అదనపు గడి ఉండాలి.

7. సంక్షేపం

పాత దత్తాంశాన్ని గంటల సగటుగా, రోజుల సగటుగా కుదించి అసలును తొలగించడం కాలశ్రేణి వ్యవస్థల్లో పాత అలవాటు. 1999లో వచ్చిన ఆర్‌ఆర్‌డీటూల్ ఈ పద్ధతికి ఆద్యుల్లో ఒకటి. దాని ఫైలు పరిమాణం ఎప్పటికీ పెరగదు. కొత్తది రాగానే పాతది సంక్షిప్తమవుతుంది లేదా తొలగిపోతుంది. అపాచీ డ్రూయిడ్‌లో దత్తాంశం లోపలికి వచ్చేటప్పుడే నమోదులను కలిపివేసే ఐచ్ఛిక సదుపాయం ఉన్నది. దాన్ని వాడితే అసలు నమోదు డేటాబేస్‌లో ఎప్పుడూ ఉండదు.

సగటు దేన్ని దాస్తుందో ఒక చిన్న లెక్కతో చూడవచ్చు. ఒక రోజులో ఒక్క నిమిషం గాలివేగం 110 కిలోమీటర్లు, తక్కిన 1,439 నిమిషాలు 20 కిలోమీటర్లు అనుకుందాం. ఇది వివరణ కోసం చేసిన ఊహ మాత్రమే. ఆ రోజు సగటు 20.06. కొబ్బరిచెట్టును పడగొట్టినది ఆ ఒక్క నిమిషం. అది సగటులో లేదు. గరిష్ఠాన్ని కూడా దాచితే సంఖ్య మిగులుతుంది. ఎంతసేపు వీచింది, ఏ గంటలో వీచింది అన్నవి అప్పటికీ మిగలవు.

2009 అక్టోబరులో ప్రకాశం బ్యారేజీ వద్ద ప్రవాహం 11.10 లక్షల క్యూసెక్కులకు చేరింది. 2024 సెప్టెంబరు 2న అది 11.43 లక్షల క్యూసెక్కులకు చేరి ఆ రికార్డును దాటింది. రెండవ వరద మొదటిదాని కంటే పెద్దదని మనం ఇవాళ చెప్పగలుగుతున్నామంటే రెండింటి గరిష్ఠ విలువలూ మిగిలి ఉండడమే కారణం. దిగువన కొల్లూరు, భట్టిప్రోలు, రేపల్లె మండలాల లంకగ్రామాల వారికి మాత్రం గరిష్ఠం ఒక్కటే చాలదు. నీరు ఏ గంటకు పెరిగింది, ఎన్ని గంటలు నిలిచింది అన్నవి వారికి పంట, పశువులు, ఇల్లు. వాతావరణ ఆధారిత పంటల బీమాలో పరిహారం ఒక కేంద్రంలో నమోదైన కొలతలు నిర్ణీత హద్దులు దాటాయా లేదా అన్నదాన్ని బట్టి నిర్ణయమవుతుంది. అక్కడ వ్యవధి మారితే ఫలితం మారుతుంది. సంక్షేపం చేసిన తరువాత వ్యవధిని మార్చి లెక్క చూడడం సాధ్యం కాదు.

సంక్షేపం అవసరం లేదని కాదు. సంక్షేపం అసలుకు తోడుగా ఉండాలి, దాని స్థానాన్ని ఆక్రమించకూడదు. టైమ్‌స్కేల్‌డీబీలోని నిరంతర సమాహారాలు ఈ దిశలో మంచి సాధనమే. వాటిలోనూ ఒక మెలిక ఉన్నది. సమాహారాన్ని తాజాపరచే వ్యవధిని మనమే నిర్ణయిస్తాము. ఆ వ్యవధికి ముందరి దత్తాంశం ఆలస్యంగా చేరితే, ప్రత్యేకంగా ఆదేశించే వరకు సమాహారంలో అది కనిపించదు. అసలులో ఒకటి, సంక్షేపంలో మరొకటి ఉన్న స్థితి ఏర్పడుతుంది.

8. కాలపరిధి, అనిశ్చితి

రేపల్లెకు సమీపంలోని భట్టిప్రోలు శాసనాలు 1892లో వెలుగుచూశాయి. వాటిలో తేదీ లేదు. లిపి ఆధారంగా వాటిని సాధారణంగా క్రీ.పూ. 3వ శతాబ్దికి చెందినవిగా భావిస్తారు. ఇటువంటి కాలాన్ని డేటాబేస్‌లో ఎలా రాయాలి?

ఇక్కడ డేటాబేస్‌ల పరిమితులు స్పష్టంగా బయటపడతాయి. క్లిక్‌హౌస్‌లోని విస్తృత కాలరకం కూడా 1900 నుంచి 2299 వరకే పనిచేస్తుంది. ఇన్‌ఫ్లక్స్‌డీబీ నానోసెకండ్లలో లెక్కించడం వల్ల దాని కాలం 1677లో మొదలై 2262లో ముగుస్తుంది. పోస్ట్‌గ్రెస్ క్రీ.పూ. 4713 వరకు వెనక్కి వెళ్లగలదు. డక్‌డీబీ పరిధి ఇంకా విశాలం. 1855లో పూర్తయిన కృష్ణా ఆనకట్ట తేదీని క్లిక్‌హౌస్ కాలరకంలో రాయలేమన్నది ఈ డెల్టా చరిత్ర పరిశోధకునికి చిన్న విషయం కాదు. సర్వర్ల పనితీరును కొలిచేవారికి 1900కు ముందు కాలంతో పనిలేదు. పాత్రను ఎవరి అవసరానికి తయారుచేశారో ఈ హద్దులే చెబుతున్నాయి.

పరిధి కంటే కష్టమైనది అనిశ్చితి. భట్టిప్రోలు శాసనానికి కావలసినది క్షణం కాదు, వ్యవధి. పోస్ట్‌గ్రెస్‌లో 2012 నుంచి వ్యవధి అనే ప్రత్యేక రకం ఉన్నది. 'ఈ రెండు తేదీల మధ్య ఎప్పుడో' అన్న మాటను దానిలో రాయవచ్చు, దానిమీద ప్రశ్నలు వేయవచ్చు. తక్కినవాటిలో ఆరంభం, అంతం అని రెండు గడులు పెట్టుకొని మనమే సంబాళించుకోవాలి.

తెలుగు సంవత్సర నామాలకూ ఇదే వర్తిస్తుంది. ఒక దస్తావేజులో 'పింగళ' అని మాత్రమే ఉంటే అది 1917-18 కావచ్చు, 1977-78 కావచ్చు. అరవై ఏళ్లకు ఒకసారి తిరిగివచ్చే పేరును ఒకే కాలముద్రగా మార్చడం పరిష్కర్త తీసుకొన్న నిర్ణయం. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను తలచుకొనే దస్తావేజులో ఆ నిర్ణయం సులభం. వేరే ఆధారం లేనప్పుడు దస్తావేజులోని మాటను ఉన్నదున్నట్లు ఒక గడిలో, మన నిర్ణయాన్ని మరొక గడిలో ఉంచడమే న్యాయం.

9. వేగపు పోటీల గురించి

డేటాబేస్‌ల వేగాన్ని పోల్చే పరీక్షలు అనేకం వెలువడుతున్నాయి. వాటిలో చాలావరకు ఆ డేటాబేస్‌లను తయారుచేసే సంస్థలే రూపొందించినవి. కాలశ్రేణుల రంగంలో ప్రచారంలో ఉన్న టీఎస్‌బీఎస్ పరీక్షను టైమ్‌స్కేల్ సంస్థే విడుదల చేసింది. ఆ పరీక్ష బహిరంగంగా ఉండి ఎవరైనా నడిపి చూసుకొనే వీలుండడం మెచ్చుకోదగినది. అయినా ఏ ప్రశ్నలు అడగాలో నిర్ణయించినవారు పోటీలో ఒక పక్షమని మరచిపోకూడదు. కావ్యపోటీకి న్యాయనిర్ణేతగా పోటీదారుల్లో ఒకరు కూర్చున్నట్లుంటుంది. పైగా ఆ పరీక్షలు కొలిచేది దత్తాంశాన్ని ఎంత త్వరగా చేర్చారు, జవాబు ఎంత త్వరగా వచ్చింది అన్న రెండింటినే. దిద్దుబాటు జరిగినప్పుడు పాత విలువ నిలిచిందా అన్న ప్రశ్న వాటిలో ఉండదు.

వేగం కంటే ఎక్కువ కాలం ప్రభావం చూపేవి భాష, అనుమతిపత్రం. ఇన్‌ఫ్లక్స్‌డీబీ మొదట ఎస్‌క్యూఎల్‌ను పోలిన సొంతభాషను ఇచ్చింది. రెండవ తరంలో ఫ్లక్స్ అనే వేరే భాషను ముందుకు తెచ్చింది. మూడవ తరంలో దాన్ని వదలి ఎస్‌క్యూఎల్‌కు, తన పాతభాషకు వచ్చింది. మధ్యలో ఫ్లక్స్ నేర్చుకొని ప్రశ్నలు రాసుకొన్నవారు తిరిగి రాసుకోవలసి వచ్చింది. ఐదేళ్ల పరిశోధన ప్రణాళిక వేసుకొన్న విద్యార్థికి ఇది పెద్ద నష్టం. టైమ్‌స్కేల్‌డీబీలో కుదింపు, నిరంతర సమాహారాలు వంటివి ప్రత్యేక అనుమతిపత్రం కింద ఉన్నాయి. కళాశాల వాడుకకు దానివల్ల అడ్డు లేదు. ఇతరులకు డేటాబేస్ సేవగా అందించాలంటే అడ్డు ఉన్నది.

10. ఈ ప్రాంతానికి తగిన ఎంపిక

1945 నుంచి వ్యవసాయ కళాశాల ఉన్న బాపట్లలోగాని, తెనాలి, రేపల్లెల్లోని డిగ్రీ కళాశాలల్లోగాని ఇటువంటి దత్తాంశాన్ని నిర్వహించవలసివస్తే పరిస్థితి ఇలా ఉంటుందనుకోవచ్చు: ఒకటి రెండు కంప్యూటర్లు, డేటాబేస్ నిర్వాహకుడంటూ ప్రత్యేకంగా లేకపోవడం, కొన్ని కోట్ల నుంచి కొన్ని వందల కోట్ల నమోదులు, పరిశోధకులు మారుతూ ఉండడం. ఈ పరిస్థితికి నా నిర్ణయం ఇది.

అసలు నమోదులను ఎవరూ మార్చకూడని ఫైళ్లుగా, పార్కే రూపంలో, నెలల వారీగా దాచాలి. 2013లో వచ్చిన ఈ బహిరంగ రూపాన్ని పైన చెప్పిన వ్యవస్థల్లో పలు చదవగలవు. కాబట్టి డేటాబేస్ మారినా మూలప్రతి మారదు. దిద్దిన విలువలు కొత్త ఫైలులో, నమోదుకాలంతో సహా చేరాలి. విశ్లేషణకు డక్‌డీబీ చాలు. సర్వరు అక్కరలేకపోవడం, ఎస్‌క్యూఎల్ వాడడం, కాలపరిధి విశాలంగా ఉండడం దాని గుణాలు. ఒకే సమయంలో పలు ప్రోగ్రాములు రాయడానికి అది అనుకూలం కాకపోవడం దాని పరిమితి.

పలువురు ఏకకాలంలో రాయవలసివచ్చినా, కేంద్రాల వివరాలు, శాసనాల వివరాలు, అనిశ్చిత కాలాలు దత్తాంశంతో ముడిపడి ఉన్నా పోస్ట్‌గ్రెస్, దానికి తోడు టైమ్‌స్కేల్‌డీబీ తగినవి. వేల కోట్ల నమోదులతో, వందలమంది ఏకకాలంలో ప్రశ్నించే రాష్ట్రస్థాయి వ్యవస్థ అయితే క్లిక్‌హౌస్ బలం అక్కడ అక్కరకు వస్తుంది. 1900కు ముందరి కాలం ఉండదన్న హామీ, దిద్దుబాట్లను కొత్త నమోదులుగానే చేర్చే క్రమశిక్షణ అప్పుడు అవసరం. ప్రొమీథియస్ ఈ పరికరాలు పనిచేస్తున్నాయో లేదో చూడడానికి ఉపయోగపడుతుంది. నూటికి నూరుపాళ్లు ఖచ్చితత్వం కావలసిన లెక్కలకు అది తగదని దాని నిర్మాతలే చెప్పుకొన్నారు. దాన్ని భాండాగారంగా వాడడం దాని దోషం కాదు, వాడినవారి దోషం.

11. ముగింపు

పై పరిశీలన నుంచి తేలిన అంశాలను ఐదు ప్రశ్నలుగా క్రోడీకరించవచ్చు. రోజు ఎక్కడ మొదలవుతుందో నిర్ణయించే అధికారం ఎవరిది? దిద్దుబాటు వచ్చినప్పుడు పాత విలువ నిలుస్తుందా? ఖాళీ ఖాళీగా కనిపిస్తుందా? సంక్షేపం చేసిన తరువాత అసలు మిగిలి ఉంటుందా? తెలియని తేదీని తెలియదని రాయవచ్చునా? ఈ ఐదింటికీ జవాబు దొరికిన తరువాత వేగం గురించి అడగాలి. అప్పుడు కూడా మన దత్తాంశం మీద, మన కంప్యూటరులో, మన ప్రశ్నలతో పరీక్షించి చూసుకోవాలి.

వేగం తక్కువైన డేటాబేస్‌ను తరువాత మార్చుకోవచ్చు. జవాబు కోసం ఒక నిమిషం ఎక్కువ వేచి ఉండవచ్చు. చెరిపివేసిన పాఠాన్ని మాత్రం ఏ డేటాబేస్ తిరిగి ఇవ్వలేదు. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాలను 1977లో, 1990లో, 2023లో తుఫానులు, 2009లో, 2024లో వరదలు తాకాయి. మళ్లీ తాకుతాయి. అప్పుడు పోల్చి చూడవలసిన గత కొలతలు విడివిడిగా, పాఠభేదాలతో సహా దొరకాలంటే ఆ ఏర్పాటు ఇప్పుడే జరగాలి. ఆ ఏర్పాటును నిర్ణయించే చర్చలో గణకశాస్త్ర శాఖ, వ్యవసాయశాస్త్ర శాఖలతోపాటు ప్రతులను పోల్చడంలో శిక్షణ పొందిన తెలుగుశాఖ అధ్యాపకులు కూడా పాల్గొనవలసిన అవసరం ఉన్నది.